పొలం గట్టున పురాణం చదివిన పోతన

శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో యదు మహారాజుకు ఒక అవధూత తారసపడతాడు. ఇల్లూ వాకిలీ లేకున్నా ఆ మహాత్ముని ముఖంలో చింత అన్నదే కనిపించదు. ఈ ఆనందం మీకు ఎలా లభించిందని రాజు వినయంగా ప్రశ్నిస్తాడు. తనకు 24 మంది గురువులున్నారని అవధూత బదులిస్తాడు. ఆ గురువులు ఆశ్రమాలలో కొలువుదీరినవారు కారు. తొక్కినా తవ్వినా ఓర్చుకొనే భూమి ఒక గురువు. సుగంధాన్నీ దుర్గంధాన్నీ మోస్తూ దేనినీ అంటించుకోని గాలి ఒక గురువు. నదులు వచ్చి చేరినా పొంగక, చేరకున్నా తరగక నిలిచే సముద్రం ఒక గురువు. తేనెటీగ, చేప, లేడి, సాలెపురుగు, ఆడుకొనే పసిబిడ్డ, గాజుల చప్పుడు బయటికి వినబడకుండా వడ్లు దంచుకొన్న కన్నెపిల్ల కూడా ఆయనకు గురువులే. ఆ అవధూత సాక్షాత్తు దత్తాత్రేయుడేనని సంప్రదాయం చెబుతోంది.

చూడగలిగిన కన్ను ఉంటే కంటబడిన ప్రతి దృశ్యమూ ఉపదేశమే అవుతుందని ఈ కథ సారాంశం. ఈ మాటను గ్రంథంలో చదివి ఊరుకోక, బ్రతుకుగా మలచుకొన్న మహనీయుడు మన తెలుగు నేలపైనే జన్మించాడు. ఆయనే బమ్మెర పోతనామాత్యుడు. ఆయన పద్యాలను పూజాగదిలో భక్తితో చదువుకొనే మనం, ఆ పద్యాల వెనుక ఉన్న పొలాన్నీ, వాననూ, ఎండనూ కూడా ఒకసారి దర్శించవలసి ఉంది.

కేసన మంత్రి కుమారుడు

పోతన 15వ శతాబ్దికి చెందిన కవి. సుమారు 1450 - 1510 మధ్య జీవించాడని సాహిత్య చరిత్రకారులలో కొందరి అభిప్రాయం. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. కౌండిన్య గోత్రం, ఆపస్తంబ సూత్రం. ఆయనది ఏకశిలానగరమని ప్రసిద్ధి. అది ఓరుగల్లేనని కొందరు, కడప సీమలోని ఒంటిమిట్ట అని కొందరు పండితులు చాలాకాలం వాదించుకొన్నారు. ఓరుగల్లు సీమలోని బమ్మెర గ్రామం మాత్రం ఆయన ఇంటిపేరులోనే నిలిచి ఉంది. నేడు జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉన్న ఆ ఊరిలో పోతన దున్నిన పొలమని, ఆయన సమాధి అని పెద్దలు చేతులు జోడించి చూపుతారు. వీరశైవ మహాకవి పాల్కురికి సోమనాథుని పాలకుర్తి కూడా ఆ చేరువలోనిదే.

పాత నల్లగొండ జిల్లా ఉత్తరపు పొలిమేర దాటితే వచ్చే నేల అది. అవే ఎర్రచెలకలు, అవే నల్లని బండగుట్టలు. కృష్ణకు గోదావరికి నడుమ ఉన్న ఈ మెట్టసీమలో జీవనదులు పల్లె పక్కగా పారవు. వాన కురిస్తే చెరువు, చెరువు నిండితే పంట. వానకోసం ఆకాశం వైపు చూడడం ఇక్కడివారికి పుట్టుకతో అబ్బిన విద్య. కాకతీయ సామ్రాజ్యం 1323లో కూలిన పిమ్మట ఈ సీమ రేచర్ల పద్మనాయకుల ఏలుబడిలోకి వచ్చింది. రాచకొండ, దేవరకొండ వారి రాజధానులు. కోటలు చేతులు మారుతూ, దండయాత్రలు సాగుతూ ఉన్న కాలంలో, చెరువును నమ్ముకొని బ్రతికే ఇటువంటి పల్లె వాతావరణంలో పోతన పెరిగాడు.

ఆయన వంశం శైవాన్ని ఆచరించింది. పానగల్లు, పిల్లలమర్రి, ఆలంపురం వంటి శివక్షేత్రాలు వెలసిన ఈ సీమలో అది సహజమే. ఇవటూరి సోమన ఆయనకు గురువు. గురువు ప్రేరణతో దక్షయజ్ఞ ధ్వంస కథను వీరభద్ర విజయమనే కావ్యంగా రచించాడని చెబుతారు. అయితే పోతన తన్ను తాను శాస్త్ర పండితునిగా చెప్పుకోలేదు. భాగవత స్కంధాల చివరి గద్యలలో తనది సహజ పాండిత్యమని చెప్పుకొన్నాడు. గురుకులంలో ఏళ్ళ తరబడి వల్లెవేసిన చదువు కాదనీ, ఈశ్వర కరుణ వల్ల పుట్టుకతో కలిగినదనీ పెద్దలు ఈ మాటను వివరిస్తారు. ఈశ్వరుని కరుణ ఏ రూపంలో ఆయనకు అందిందని ఆలోచిస్తే, నిత్యం కళ్ళముందున్న సృష్టి రూపంలోనే అని తోస్తుంది. భాగవతం నిండా ఉన్న మబ్బులు, తుమ్మెదలు, కొలనులు, ఏనుగులు, లేగదూడలు, పాలకుండలు ఇందుకు సాక్ష్యం.

రాచకొండ గొడుగులు

పోతన వయసులో ఉండగా రాచకొండ ప్రభువు సింగభూపాలుని ఆస్థానంతో సంబంధం కలిగి ఉన్నాడని ప్రతీతి. ఆ ప్రభువును ప్రేమించిన ఒక భోగకాంతను గురించి భోగినీ దండకం చెప్పాడని చెబుతారు. అది పోతన రచన కాదనే విమర్శకులూ ఉన్నారు. ఆ దండకం ఎవరిదైనా, భాగవతం రచించే నాటికి పోతన మనస్సు రాజుల నుంచి పూర్తిగా మరలిపోయిందన్నది నిశ్చయం. అవతారికలో ఆయన ఈ విషయాన్ని స్పష్టంగా ప్రకటించాడు. ఊళ్ళకోసం, వాహనాలకోసం, ధనంకోసం అధములైన రాజులకు కృతులు అంకితమిచ్చి, దేహం విడిచిన తరువాత యముని దెబ్బలు తినడం తనకు సమ్మతం కాదన్నాడు. తన కృతిని శ్రీహరికే సమర్పిస్తున్నానన్నాడు.

ఆ కాలంలో ఇది చిన్న నిర్ణయం కాదు. కవికి కూడు పెట్టేది రాజాస్థానమే. అగ్రహారం, కనకాభిషేకం, పల్లకి, తాంబూలం అన్నీ అంకితం వల్లనే దక్కేవి. అంకితం కాదన్న కవి ఇంట పొయ్యి వెలగడం కష్టం. మెట్టసేద్యం మీద, వాన దయ మీద సంసారం నడపడం అంతకన్నా కష్టం. అటువంటి నిర్ణయం తీసుకొనే ధైర్యం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది?

భాగవత దశమ స్కంధంలో శుకమహర్షి వర్షర్తువును వర్ణిస్తూ పరీక్షిత్తుకు ఒక దృశ్యం చూపుతాడు. తొలకరికి నేలంతా పచ్చిక పరచుకొంది. ఆ పచ్చని తివాచీ మీద ఇంద్రగోప పురుగులు ఎర్రగా మెరుస్తున్నాయి. పుట్టగొడుగులు తెల్లగా విచ్చుకొన్నాయి. ఆ శోభ ఒక రాజు సేనాసంపదలా ఉందంటాడు మహర్షి. పచ్చిక పటమండపం, ఎర్రని పురుగులు రత్నకంబళి, పుట్టగొడుగులు శ్వేతచ్ఛత్రాలు అన్నమాట.

ఆ ఇంద్రగోపాన్నే మన పల్లెలలో ఆరుద్ర పురుగు అంటారు. ఆరుద్ర కార్తె వానలకు చెలకల్లో అది కనిపిస్తే రైతు ముఖం వికసిస్తుంది. ముఖమల్ గుడ్డలాంటి ఆ పురుగును పిల్లలు అరచేతిలో పెట్టుకొని మురుస్తారు. పది పదిహేను రోజుల తరువాత వెదకినా అది కంటబడదు. పుట్టగొడుగు సంగతి చెప్పనే అక్కరలేదు. రాత్రికి రాత్రి లేస్తుంది, ఎండ ముదిరితే వాడిపోతుంది. రాజవైభవానికి ఈ ఉపమానం ఎందుకు చెప్పారో పొలంలో తిరిగినవారికి వేరే వ్యాఖ్యానం అవసరం లేదు. ప్రతి ఏటా ఆరుద్ర కార్తెలో ఆ పాఠం చదువుకొన్న పోతనకు రాచగొడుగు నీడ శాశ్వతమని భ్రమ కలిగే అవకాశం ఎక్కడిది?

నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న రాచకొండకు వెళ్ళి చూస్తే, కూలిన బురుజులు, శిథిల ద్వారాలు, రాళ్ళ సందుల్లో మొలచిన గడ్డి కనిపిస్తాయి. ఆ ప్రభువులను నిందించనక్కరలేదు. వారు చెరువులు తవ్వించారు, గుడులు నిలిపారు, పండితులను పోషించారు. రసార్ణవ సుధాకరమనే గొప్ప అలంకార గ్రంథం సింగభూపాలుని పేరనే వెలసింది. అయినా ఆ వైభవానికి ఒక ఋతువు ఉంది. ఆ ఋతువు ముగిసింది. వైభవాన్ని కాదన్న కవి రచన మాత్రం ఇంటింటా నిలిచి ఉంది.

ఇసుకతిన్నె మీద దర్శనం

భాగవతం ఎలా ఆరంభమయిందో పోతనే వివరించాడు. ఒక పున్నమి నాడు చంద్రగ్రహణం సంభవించింది. పెద్దల అనుమతితో గంగాస్నానానికి వెళ్ళి, ఎత్తయిన ఇసుకతిన్నె మీద కూర్చుండి, మహేశ్వర ధ్యానంలో అరమోడ్పు కన్నులతో ఉన్నాడు. ఆ గంగ గోదావరియేనని పలువురి భావన. అప్పుడు ఎదుట ఒక దివ్యమూర్తి గోచరించాడు. శిరస్సున కిరీటం, మూపున విల్లు, ప్రక్కన ఒక స్త్రీమూర్తి. తాను రామభద్రుడనని, తన పేర భాగవతాన్ని తెలుగు చేయమని, అందువల్ల భవబంధాలు తెగిపోతాయని ఆనతిచ్చి అంతర్ధానమయ్యాడు.

ఈ సంఘటనలో రెండు విశేషాలు గమనింపదగినవి. ధ్యానించింది శివుణ్ణి, ప్రత్యక్షమైనది రాముడు, రచించమన్నది కృష్ణకథ. శివకేశవుల మధ్య భేదం చూసేవారికి ఇంతకంటె సమాధానం ఏముంటుంది? శైవవంశంలో పుట్టిన పోతన తన శివభక్తిని విడువలేదు, రామాజ్ఞను తోసిపుచ్చలేదు.

రెండవ విశేషం, ఆయన ఆ మూర్తిని చూసిన తీరు. స్వామి ఆయనకు మెరుపుతో కూడిన నీలమేఘంలా కనిపించాడు. కిరీటకాంతి నల్లని కొండకొమ్మున ఉదయించిన సూర్యునిలా తోచింది. మణిమయ మందిరాలతోనో, సభామండప శోభతోనో ఆయన పోలిక చెప్పలేదు. మెట్టసీమ రైతుకు మబ్బును మించిన మంగళదృశ్యం లేదు. తనకు అత్యంత ప్రియమైన దృశ్యంలోనే ఆయనకు దైవం సాక్షాత్కరించాడు.

ఆ తరువాత పోతన అన్న మాట తెలుగువారందరికీ తెలిసినదే. పలికేది భాగవతమనీ, పలికించేవాడు రాముడనీ, తాను నిమిత్తమాత్రుడననీ చెప్పుకొన్నాడు. సంస్కృతాన్ని మెచ్చేవారు కొందరు, తెలుగును మెచ్చేవారు కొందరు, రెండింటినీ మెచ్చేవారు కొందరు ఉంటారనీ, అందరినీ మెప్పించేలా వ్రాస్తాననీ సంకల్పించాడు. గుడి అరుగు మీద శాస్త్రం విన్నవారికీ, పొలంలో నాగలి పట్టినవారికీ ఒకే పంక్తిలో వడ్డించాలన్నది ఆయన కోరిక.

నాగలి, గంటం

పోతన సేద్యం చేసుకొని జీవించాడని తరతరాలుగా చెప్పుకొంటున్నారు. ఆయన పేర ప్రచారంలో ఉన్న ఒక చాటువు కావ్యకన్యను రాజులకు అమ్ముకొని భుజించడం కన్న హాలికుడై కందమూలాలు తిని ఆలుబిడ్డలను పోషించుకోవడమే మేలని చెబుతుంది. పేదరికం బాధించే వేళ, రాజుల నుంచి పిలుపులు వచ్చే వేళ, సరస్వతీదేవి కాటుక కరిగేలా కన్నీరు పెట్టుకొని ఆయన ఎదుట నిలిచిందనీ, నిన్ను ఎవరికీ అమ్మనని ఆయన తల్లికి మాట ఇచ్చాడనీ మరొక గాథ.

కవిసార్వభౌముడు శ్రీనాథుడు పోతనకు బావ అని, పల్లకి ఎక్కి ఆయన పొలానికి వచ్చాడని ఒక కథ ఉంది. తన మహిమ చూపడానికి శ్రీనాథుడు ఒకవైపు బోయీలను తప్పించినా పల్లకి సాగిందట. పొలంలో ఉన్న పోతన కుమారుడు మల్లన కాడికి ఒకవైపు ఎద్దును విప్పినా నాగలి సాగిందట. కాలాలు పొసగవని చరిత్రకారులు అంటారు. చరిత్ర ఏదైనా, జనం ఈ కథను ఎందుకు దాచుకొన్నారో ఆలోచించాలి. పల్లకికి ఉన్న గౌరవం నాగలికీ ఉందని చెప్పుకోవడానికే వారు దీనిని దాచుకొన్నారు.

గజేంద్రమోక్షం వ్రాస్తుండగా వైకుంఠ వర్ణన దగ్గర పద్యం సాగక, పోతన గంటం పక్కన పెట్టి బయటికి వెళ్ళాడట. ఆయన తిరిగి వచ్చేసరికి పద్యం పూర్తయి ఉందట. రాముడే పోతన రూపంలో వచ్చి పూర్తిచేశాడని భక్తుల విశ్వాసం. మన ప్రయత్నం ముగిసిన చోట భగవంతుని పని మొదలవుతుంది. విత్తనం వేయడం వరకే రైతు వంతు, మొలకెత్తించేది వేరొకరు. సేద్యం తెలిసినవారికి ఈ కథ అంతరార్థం సులభంగానే అందుతుంది.

వాన నేర్పిన వేదాంతం

వ్యాసులవారి మూలంలో దశమ స్కంధం 20వ అధ్యాయం పూర్తిగా వర్ష, శరదృతువుల వర్ణన. బృందావనంలో బాలకృష్ణుడు గోవులను మేపుతున్న సమయంలో వచ్చిన వానకాలాన్నీ, ఆ తరువాతి శరత్తునూ శుకయోగి వర్ణిస్తాడు. దాదాపు ప్రతి శ్లోకంలోనూ ఒక సగం కంటికి కనిపించే దృశ్యం, మరొక సగం మనస్సుకు అందే ధర్మం. ఋతువర్ణనల తెలుగుసేత పోతన చేతికి వచ్చినప్పుడు, ఆయన వెదకవలసిన ప్రకృతి ఎక్కడో లేదు. గడప దాటితే అంతా అదే. ఆ అధ్యాయంలోని ఉపదేశాలను మన సీమ దృశ్యాలతో కలిపి చూద్దాం.

సూర్యుడు 8 నెలలు భూమి నుంచి నీటిని తీసుకొని, సమయం రాగానే తిరిగి ఇస్తాడు. రోహిణి కార్తె ఎండను తిట్టుకొనే మనం మృగశిర చినుకుకు దండం పెడతాం. తీసుకొన్నవాడూ ఇచ్చినవాడూ ఒక్కడే. కష్టకాలంలో దేవుడు మన నుంచి తీసుకొన్నదేదీ వృథా కాదని ఇందులోని ధైర్యవచనం.

వేసవి అంతా ఎండిపోయి ఉన్న చిన్న వాగులు ఒక్క వానకే దారి తప్పి పొంగుతాయి. ఇంద్రియ నిగ్రహం లేనివాని చేతికి హఠాత్తుగా ధనం వచ్చినట్లుందంటాడు మహర్షి. నిన్నటి దాకా ఇసుక తేలిన వాగు నేడు గట్లు తెంచుకొని పక్క పొలాన్ని ముంచడం మనం ఎరిగినదే. కొత్తగా కలిగిన సంపదను గట్ల మధ్య నిలుపుకోవడం తెలియాలి.

కుండపోత వాన కొట్టినా కొండలు చలించవు. భగవంతునిపై మనస్సు నిలిపినవారు కష్టాలకు చలించనట్లు అవి నిలబడతాయి. మన బండగుట్టలు ఎన్ని వానలు చూశాయో! నడక తగ్గిన బాటలను గడ్డి కమ్మేసి, బాట ఏదో పోల్చుకోలేనట్లు చేస్తుంది. అభ్యాసం విడిచిన వేదం అలాగే మరుగున పడుతుందని హెచ్చరిక. ఈ ఉపమానం వేదం చదువుకొన్న మా వంటివారిని ఉద్దేశించినదే. రోజూ నడిస్తేనే బాట బాటగా ఉంటుంది.

తన వెన్నెలతోనే వెలిగిన మబ్బు అడ్డుపడి చంద్రుణ్ణి కనపడనీయదు. ఆత్మ తేజస్సుతోనే వెలిగే అహంకారం ఆత్మను కప్పివేసినట్లని భావం. ఎంతటి సూక్ష్మమైన వేదాంతమో, ఎంతటి సులువైన దృశ్యమో గమనించండి. శ్రావణ మాసపు రాత్రి ఆరుబయట మంచం వేసుకొన్న ప్రతివారూ దీనిని చూసే ఉంటారు.

మరొక ఉపమానం రైతు గుండెకు దగ్గరిది. పచ్చని పైర్లు కృషీవలులకు ఆనందాన్నిచ్చాయి. సమస్తం దైవాధీనమని తెలియని ధనగర్వితులకు దుఃఖం కలిగించాయి. కరువు వస్తే గింజ ధర పెరుగుతుందని లెక్కలు వేసుకొన్నవారికి మంచి వాన చెడువార్త అవుతుంది. ఒకే వాన ఒకరికి పండుగ, మరొకరికి నష్టం. ఎదుటివాని పంట చూసి మన మనస్సు సంతోషిస్తున్నదా, కుములుతున్నదా అని ప్రశ్నించుకొంటే మన భక్తి ఎంతటిదో తేలిపోతుంది.

వాన కరుణించని ఏళ్ళను కూడా మన సీమ బాగా ఎరుగును. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఆముదం, జొన్న వేసుకొని ఆకాశాన్ని నమ్ముకొన్న కుటుంబాలు కరువు వేళ ఊళ్ళు విడిచి వెళ్ళాయి. పాలమూరు కూలీలు దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వి, ఇతరుల నేలకు నీరు పారించారు. అటువంటి సీమలో నిలబడి, దైవం మేఘంలా ఉన్నాడని చెప్పడం తేలిక మాట కాదు. రాకుండా పోయిన మబ్బును కూడా చూసినవాడే ఆ మాట అనాలి. పోతన భక్తికి ఉన్న బలం అదే. పంట పండిన ఏడు మాత్రమే నిలిచే భక్తి ఆయనది కాదు.

శరత్తు చూపిన శాంతి

వానలు వెనుకపట్టి శరత్తు వస్తుంది. ఆకాశాన మబ్బు తొలగుతుంది, నేలమీద బురద ఆరుతుంది, నీటిలో మడ్డి అడుగుకు దిగుతుంది. కృష్ణభక్తి మనిషి అశుభాలను తొలగించినట్లు శరత్తు వీటినన్నింటినీ తొలగిస్తుందని శుకుని వాక్యం. ఉన్నదంతా కురిసి ఇచ్చివేసిన మేఘాలు తెల్లగా, తేలికగా ప్రకాశిస్తాయి. సర్వం త్యాగం చేసిన మునులు అలాగే ఉంటారు. ఇవ్వవలసినది మిగిలి ఉన్నంతకాలం మబ్బు నల్లగానే ఉంటుంది.

ఆ సమయంలోనే మన ఆడపడుచులు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి, ఆడిపాడి, చివరికి చెరువులో సాగనంపుతారు. ఎంతో శ్రమించి పేర్చినదాన్ని చిరునవ్వుతో నీటికి అప్పగించడం కూడా శరత్తు నేర్పిన పాఠమే.

నీరు తగ్గుతున్న మడుగులోని చేపలు ఆ సంగతి గమనించవు. సంసారంలో మునిగినవారు రోజురోజుకూ తరుగుతున్న ఆయువును గమనించనట్లే అవి ఈదులాడుతుంటాయి. మాఘం నాటికి అడుగంటే మన కుంటల ఒడ్డున నిలబడి ఈ మాట తలచుకొంటే గుండె జల్లుమనకపోదు.

రైతులు గట్టి గట్లు వేసి మడిలో నీటిని నిలుపుకొంటారు. ఇంద్రియాల ద్వారా జారిపోయే జ్ఞానాన్ని యోగులు నిలుపుకొన్నట్లు అన్నది చివరగా చెప్పుకోదగిన ఉపమానం. ఇక్కడ మహర్షి రైతును యోగితో పోల్చాడు. మడిగట్టున ఎండ్రకాయ బొరియ పడితే రాత్రికి రాత్రి మడి వట్టిపోతుంది. అందుకే రైతు చీకటితోనే పార భుజాన వేసుకొని గట్టంతా తిరిగి వస్తాడు. మనస్సు గట్టున పడిన బొరియలను రోజూ ఒకసారి చూసుకోవడమే సంధ్యావందనం. పోతన వంటి కవికి పార పట్టడం, జపమాల పట్టడం వేరు పనులుగా తోచి ఉండవు.

గండిపడిన గ్రంథం

పోతన రచన యథాతథంగా మనకు దక్కలేదు. తనకు అంకితం ఇవ్వలేదన్న కోపంతో రాచకొండ ప్రభువు భాగవతాన్ని భూమిలో పాతిపెట్టించాడనీ, కొంత భాగం చెడిపోయిందనీ ఒక కథ. ఆకులు చెదలుపట్టి శిథిలమయ్యాయని మరొక మాట. ఏ కారణం చేతనైనా, కొన్ని స్కంధాలు ఇతరులు పూరించవలసి వచ్చింది. పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలను వెలిగందల నారయ రచించారు. నారయ పోతనకు శిష్యుడని ప్రసిద్ధి. అవధూత 24 మంది గురువులను గూర్చి చెప్పిన ఘట్టాన్ని తెలుగులో మనం చదువుకొంటున్నది ఈ శిష్యుని చేతిమీదుగానే.

జీవితమంతా ధారపోసిన గ్రంథం మట్టిలో కలవడం కన్న కవికి పెద్ద కరువు లేదు. అయినా చెరువుకు గండిపడితే ఊరంతా తట్టలు మోసి కట్ట పూడ్చినట్లు, తరువాతివారు ఆ గండిని పూడ్చారు. తమ పేరు పోతన పేరుతో పోటీ పడాలని వారు కోరుకోలేదు. నేడు దాదాపు 9,000 పద్యగద్యాలతో ఉన్న తెలుగు భాగవతాన్ని లోకం పోతన భాగవతమనే పిలుస్తోంది. కట్ట నిలిచింది, నీరు నిలిచింది, ఆయకట్టు పండుతూనే ఉంది.

మనం చేయవలసినది

బాలుడు ప్రహ్లాదుడు, అడవి ఏనుగు గజేంద్రుడు, చదువురాని గోపికలు, అటుకుల మూట తెచ్చిన కుచేలుడు. పోతన చేతిలో అమృతమూర్తులైన వీరెవరూ బలవంతులు కారు, అధికారులు కారు. గజేంద్రుని బలం కూడా మొసలి నోట చిక్కి అలసిపోయాకనే ఆయనకు మోక్షం లభించింది. బలం అడుగంటిన చోట భక్తి పుడుతుందని తెలిసిన కవి రాజసభలను కాదని పల్లెలో ఉండిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పటి మన ఇళ్ళలో నీరు కుళాయి తిప్పితే వస్తుంది. వాన వస్తే బట్టలు తడుస్తాయనే చింత తప్ప మరొకటి లేదు. పిల్లలకు కార్తెల పేర్లు తెలియవు, ఆరుద్ర పురుగును చూపేవారు లేరు. భాగవతాన్ని పారాయణ చేసే ఇళ్ళలో కూడా పుస్తకం మూయగానే భగవంతుడు పూజాగదిలోనే ఉండిపోతున్నాడు. పోతన జీవితం మనకు చెప్పేది ఒక్కటే. పుస్తకం మూసి గడప దాటిన తరువాత కూడా ఆ పారాయణ సాగాలి.

తొలకరి నాడు పిల్లలను వెంటబెట్టుకొని ఊరి చెరువు కట్టకు వెళ్ళండి. పారుతున్న వాగునూ, చలించని గుట్టనూ, విచ్చిన పుట్టగొడుగునూ చూపండి. వచ్చిన దారిలో మహర్షి చెప్పిన ఉపమానం ఒకటి చెప్పండి. ఇంటికి వచ్చి పోతన పద్యం ఒకటి చదివించండి. ఆనాడు ఇసుకతిన్నె మీద ఒక రైతుకవికి మేఘశ్యాముడు కనిపించాడు. ఆ మేఘం ప్రతి ఏటా మన ఇంటి కప్పు మీదుగానే వెళుతోంది. తలెత్తి చూసే అలవాటును మన పిల్లలకు అందించగలిగితే ఆ మహాభక్తునికి మనం నిజమైన నమస్కారం చేసినవారమవుతాం.